సర్వశక్తునికి హద్దు కలదా?

మా పాఠశాల వక్తృత్వ సంఘమువారికి ఒక ప్రశ్నల పెట్టె కలదు. విద్యార్థులు తమకు తోచిన సందేహమును కాగితముపై వ్రాసి, పేరు పెట్టకయే అందు వేయవచ్చును. నెలకొకమారు ఉపాధ్యాయులు ఆ పెట్టెను తెరచి, ప్రశ్నలను సభలో చదివి, తమకు తెలిసినంతవరకు సమాధానము చెప్పుదురు. 2024వ సంవత్సరము సెప్టెంబరు మాసపు వరద తీసి, పాఠశాల మరల తెరచిన పిమ్మట ఆ పెట్టెలో రెండు కాగితములు కనబడెను. రెండును దేవుని శక్తిని గూర్చినవే.

మొదటిదానిపై నల్లసిరాతో, ముత్యములవంటి అక్షరములతో ఇట్లుండెను: "దేవుడు తాను ఎత్తలేనంత బరువైన రాతిని సృష్టింపగలడా?" సభ యంతయు నవ్వెను. మేమును నవ్వితిమి. రెండవది పెన్సిలుతో వ్రాసినది. "మా నాయనమ్మ డాబా మీద రెండు రాత్రులు ప్రార్థన చేసింది. పక్కింటి తాతగారు చనిపోయారు. దేవుడు వినలేదా? విని చేయలేకపోయాడా?" దీనిని చదివినప్పుడు ఎవరును నవ్వలేదు. చదివిన ఉపాధ్యాయుడు మరియొక దినమున చెప్పెదనని కాగితమును మడిచి జేబులో వేసికొనెను.

ఆ దినమున చెప్పలేకపోయిన మాటను ఈ సంచికలో చెప్ప యత్నించుచున్నాము. మొదటి ప్రశ్న తెలివినుండి పుట్టినది. రెండవది గాయమునుండి పుట్టినది. అయినను రెండింటికిని వేరు ఒక్కటే. సర్వశక్తుడనబడు దేవునికి హద్దు కలదా? కలదన్నచో ఆయన సర్వశక్తుడెట్లగును? లేదన్నచో ఆ తాతగారి చావునకు ఆయనయే ఉత్తరవాది కాడా? మొదటి ముడి విప్పనిదే రెండవదానిని చేరజాలము గనుక ముందుగా రాతిని గూర్చియే చెప్పుదుము.

ఈ ప్రశ్న అడిగిన బాలుడు తానే దీనిని కనిపెట్టితినని సంతసించియుండవచ్చును గాని, ఇది బహుకాలపు ప్రశ్న. సృష్టింపగలడన్నచో ఎత్తలేడు; సృష్టింపలేడన్నచో చేయలేనిది ఒకటి ఉన్నది. ఎటు పోయినను చిక్కే. అయితే ఈ చిక్కు దేవుని శక్తియందున్నదా, మన మాటయందున్నదా అని విచారింపవలెను. మన దేశపు తార్కికులు వంధ్యాపుత్రుడు, గగనకుసుమము, కుందేటి కొమ్ము అని కొన్ని మాటలను ఉదాహరణములుగా చెప్పుచుందురు. గొడ్రాలికి దేవుడు బిడ్డను ఈయగలడు. ముసలితనమున శారాకు కొడుకు పుట్టిన కథను మా విద్యార్థులందరు ఎరుగుదురు. కాని బిడ్డ పుట్టిన క్షణమున ఆమె గొడ్రాలు కాదు, తల్లి. గొడ్రాలుగానే ఉండి తల్లియు అగుట యన్నచో ఆ మాట నోటితో పలుకుటకే గాని మనస్సుతో భావించుటకు వీలులేదు. సమస్తమును ఎత్తగలవాడు ఎత్తలేని రాయి యనునదియు అట్టిదే. దానిని చేయలేడనుట దేవుని శక్తికి లోపము కాదు. ఆ మాటకే అర్థము లేదు.

ఇది మా సొంత ఊహ కాదు. 13వ శతాబ్దమున ఐరోపాలో తోమా అక్వీనా అను క్రైస్తవ పండితుడు, తనలో తానే విరుద్ధమైనది శక్తికి విషయమే కాదని వాదించెను. అంతకు ముందే ముసల్మానులలో మహాపండితుడైన గజ్జాలీ అసంభవమునకు శక్తితో పనిలేదని చెప్పియుండెను. 17వ శతాబ్దమున ఫ్రాన్సుదేశపు తత్త్వజ్ఞుడగు డెకార్టు మాత్రము భిన్నముగా తలచెను. గణితశాస్త్రపు సత్యములు సైతము దేవుని సంకల్పముననే నిలుచుచున్నవనియు, ఆయన తలచినచో అవి వేరుగా ఉండెడివనియు అతని మతము. ఇది దేవుని మిగుల గౌరవించునట్లు పైకి కనబడును. కాని నిజమును అబద్ధముగను, అబద్ధమును నిజముగను చేయుటయు శక్తియే యైనచో, ఆయన ఇచ్చిన మాట రేపు మాట కాకుండ పోవచ్చును. అట్టి దేవునికి భయపడవచ్చును గాని ఆయనను నమ్ముటకు వీలులేదు.

ఇక రెండవ మెట్టు. దేవుడు చేయజాలనివి కొన్ని కలవని క్రైస్తవ వేదమే చెప్పుచున్నది. ఆయన అబద్ధమాడజాలడనియు, తానే తాను కాకుండ పోజాలడనియు పౌలు పేరిటి పత్రికలలో ఉన్నది. నజరేతు అను తన సొంత ఊరిలో, అక్కడివారి అవిశ్వాసమువలన, యేసు గొప్ప కార్యములు చేయలేకపోయెనని మార్కు వ్రాసెను. ఇవి దేవుని తక్కువ చేయు మాటలా? మన ఊరి బజారులో ఒక వర్తకుని గూర్చి, "ఆయన దొంగ తూకము తూచలేడయ్యా" అందురు. అనగా ఆయన చేతికి త్రాసు పట్టుకొను సత్తువ లేదనియా? కాదు. ఆయన మనసు అందుకు ఒప్పదని. చేతకాక చేయలేనివాడు వేరు, మనసొప్పక చేయలేనివాడు వేరు. మొదటివానిని చూచి జాలిపడుదుము. రెండవవానియొద్దకు సరకు కొనుటకు పోవుదుము.

మూడవ మెట్టున మరికొంత లోతు కలదు. స్వభావముచేత కలిగిన హద్దు ఒకటి. తనంతట తాను పెట్టుకొన్న హద్దు మరొకటి. ఈ రెండవదానిని మన తెలుగువారికి క్రొత్తగా నేర్పనక్కరలేదు. పోతనగారి భాగవతమున యశోద చిన్ని కృష్ణుని రోటికి కట్టబోయినప్పుడు, ఎన్ని త్రాళ్లు ముడివేసినను రెండంగుళములు తక్కువగానే ఉండెను. తల్లి చెమటలు గ్రక్కి అలసిన పిమ్మట, ఆ బాలుడు తానే కట్టుబడెను. మన విజయవాడయందే ఇంద్రకీలాద్రిని చూపి పెద్దలు మరియొక కథ చెప్పుదురు. అర్జునుడు ఆ కొండపై తపస్సు చేసెననియు, శివుడు బోయవాని వేషమున వచ్చి, ఒక పందిని నెపముగా పెట్టుకొని అతనితో పోరాడి, తుదకు పాశుపతమును ప్రసాదించెననియు ఆ కథ. కన్ను తెరచిన మాత్రమున భస్మము చేయగల దేవుడు మనుష్యునితో మల్లయుద్ధము చేయుటకు దిగివచ్చెను. పాత నిబంధనలో యాకోబు యబ్బోకు రేవున తెల్లవారువరకు పెనుగులాడిన కథయు దీనికి సోదరివలె ఉన్నది. అచ్చటను, ఒక్క తాకుతో తొడగూటిని వసలజేయగలవాడు రాత్రియంతయు పట్టు విడువక పెనుగులాడెను.

వేర్వేరు మతములవారు భక్తితో చెప్పుకొను ఈ కథలను ఒకే సిద్ధాంతముగా కలిపివేయుట మా ఉద్దేశము కాదు. మేము చూపదలచినది ఒక్కటే. ఇతరులెవ్వరును కట్టజాలనివాడు తన్ను తాను కట్టుకొనగలడు. అట్లు కట్టుకొనుటకు వీలులేనివాడు సర్వశక్తుడు కానేరడు. ఏలయన, మాట ఇచ్చి నిలుచుట అను పని అతనికి చేతకాదన్నమాట. దేవుడు మనుష్యునికి నిజముగా స్వేచ్ఛ నిచ్చెనేని, ఆ స్వేచ్ఛ ఉన్నంతవరకు మనుష్యుని చేతిని తానే పట్టి త్రిప్పడు. ప్రకృతికి నియమముల నిచ్చెనేని, గడియకొకమారు వానిని మార్చడు.

కృష్ణానదిని చూచి ఈ సంగతిని కొంత ఊహింపవచ్చును. 1833లో గుంటూరు ప్రాంతమును కరవు పీడించినప్పుడును నది ఇటనే ఉన్నది. పిమ్మట కాటన్ దొరగారి ఆలోచన ననుసరించి, కెప్టెన్ ఆర్ గారి యాజమాన్యమున 1852లో బెజవాడకడ ఆనకట్ట ఆరంభమై 1855లో ముగిసెను. అది 1952లో తెగిన తరువాత, దాని స్థానమున 1957లో ప్రకాశము బారేజి వెలసెను. నేడు డెల్టాలో సుమారు 13 లక్షల యెకరములు ఈ నీటితో పండుచున్నవి. గట్టుల నడుమ పారుటచేత నది నది కాకుండ పోలేదు. అయితే ఉపమానము ఒక మేరకే పనిచేయును. నదిని కట్టినది మనుష్యుడు. దేవుని కట్టువాడు దేవుడే.

ఇంతవరకు చెప్పినది మొదటి కాగితమునకు చాలును. రెండవ కాగితము వ్రాసిన బిడ్డకు ఇది చాలదని మేమెరుగుదుము. స్వేచ్ఛను గూర్చి చెప్పినది మనుష్యుడు మనుష్యునికి చేయు కీడునకు సమాధానమగును గాని, నీరు ఎవని స్వేచ్ఛ? ఉప్పెన ఎవని పాపము?

ఈ డెల్టాలో ఆ ప్రశ్న పలుమారులు అడుగబడినది. 1843లో నోబుల్ దొరగారు పాఠశాలను స్థాపించిన మచిలీపట్టణమును 1864వ సంవత్సరము నవంబరు 1వ తేది రాత్రి సముద్రము ముంచెత్తెను. ఆ తుపానున సుమారు 30,000 మంది మరణించిరి. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదిని దివిసీమపై ఉప్పెన విరుచుకొని పడెను. చనిపోయినవారు 10,000కు తక్కువ కారు. సొర్లగొంది వంటి ఊళ్లలో కుటుంబములకు కుటుంబములే తుడిచిపెట్టుకొని పోయినవి. అట్టి సమయములందు రెండు మాటలు వినబడుచుండును. "శివుని ఆజ్ఞ లేనిదే చీమయైన కుట్టదు" అని ఒకరందురు. "అది వారి పాపఫలము" అని మరియొకరందురు.

రెండవ మాటను మేము నిస్సంకోచముగా త్రోసివేయుచున్నాము. సిలోయమున గోపురము కూలి కొందరు చచ్చినప్పుడు, వారు మిగిలినవారికంటె పాపులని తలంపవద్దని యేసు స్పష్టముగా చెప్పెను. దివిసీమలో తల్లి చంకనున్న పసిబిడ్డ ఏ పాపము చేసెను? వారికంటె మనము పుణ్యాత్ములమై బ్రదికియుంటిమా? దుఃఖించువాని యెదుట నిలిచి దేవుని పక్షమున అబద్ధమాడుట దేవునికి సేవ కాదు. యోబు గ్రంథమున దేవుడు కోపించినది ప్రశ్నలు వేసిన యోబుపై కాదు, అన్నిటికిని సమాధానములు చెప్పిన అతని స్నేహితులపైనే.

మొదటి మాటకు, అనగా చీమను గూర్చిన సామెతకు, అమెరికాదేశపు యూదుల మతగురువు హెరాల్డ్ కుష్నర్ గారి గ్రంథము ఒక ప్రత్యుత్తరము. ఆయన కుమారుడు బాల్యమునందే ముసలితనము వచ్చు వింతరోగముతో బాధపడి, దివిసీమ ఉప్పెన వచ్చిన 1977వ సంవత్సరముననే, పదునాలుగేండ్ల ప్రాయమున మరణించెను. 1981లో ప్రకటించిన పుస్తకమున ఆ తండ్రి, దేవుడు మంచివాడే గాని సర్వమును చేయగలవాడు కాడనియు, రోగమును పంపినవాడు ఆయన కాడనియు, బాధపడువానికి బలమిచ్చి తోడుండువాడు మాత్రమేననియు తేల్చెను. దేవుని మంచితనమును కాపాడుకొనుటకు ఆయన శక్తిని వదలుకొనెను. లోకమంతట ఎందరో తల్లిదండ్రులకు ఆ పుస్తకము ఓదార్పైనది. కొడుకును పోగొట్టుకొన్న తండ్రి కన్నీటితో చేరిన నిర్ణయమును తరగతిగదిలో కూర్చుండి ఖండించుట మాకు తగదు. అయినను అంతదూరము మేము పోజాలము. ఏమియు చేయలేని దేవునియందు నాయనమ్మ ప్రార్థనకు ఆధారమేది? తుదకు మరణమును సైతము జయింపగలవాడను నిరీక్షణకు చోటేది?

మేము పట్టుకొనియున్న త్రోవ ఇది. నీరు పల్లమునకు పారుననునది నియమము. గాలి తోసినప్పుడు సముద్రము పొంగుననునది నియమము. సముద్రముమీదినుండి మేఘమును తెచ్చి మన చేలను తడుపునదియు, వేలయేండ్లు ఒండ్రును మోసి ఈ డెల్టాను కట్టినదియు ఆ నియమములే. అవి నిలుకడగా ఉన్నవి గనుకనే రైతు విత్తును, ఇంజనీరు లెక్క కట్టును, వైద్యుడు మందిచ్చును. మనుష్యుడు నేర్చుకొని, బాధ్యత వహించి, ఒకరినొకరు కాపాడుకొనుటకు తగిన లోకము నియమములున్న లోకమే. దేవుడు ఆ లోకము నిచ్చి, ఇచ్చిన మాటను నిలుపుకొనుచున్నాడని మా విశ్వాసము. అయితే ఒక్క రాత్రికి ఆ నియమమును ఆపి యుండరాదా? ఆపిన కథలు వేదమున లేవా? ఉన్నవి. ఆ రాత్రి ఏల ఆపలేదన్నచో, దానికి మాయొద్ద సమాధానము లేదు. ఉన్నట్లు నటించుట యోబు స్నేహితుల పని యగును.

కాని సమాధానము ఉన్నచోట దానిని దాచుటయు తప్పే. 1990వ సంవత్సరము మే నెల 9వ తేదిని, 1977 నాటి తుపానుతో పోల్చదగిన బలముగల తుపాను ఈ కృష్ణా ముఖద్వార ప్రాంతముననే తీరము దాటెను. ఆ సారి ముందుగా హెచ్చరికలు వచ్చినవి. లక్షకు పైగా జనమును ముందే ఊళ్లనుండి తరలించిరి. తలదాచుకొనుటకు తుపాను ఆశ్రయములు ఉండెను. మృతులు సుమారు వేయిమంది. వేయి ప్రాణములును చిన్న లెక్క కాదు. అయినను 10,000కును వేయికిని నడుమనున్న ఆ వేలాది జనమును బ్రదికించినదేమి? దేవుడు 1977లో నిద్రించి 1990లో మేల్కొనెనని ఎవరైన అందురా? సముద్రము అదే, గాలి అదే, దేవుడును ఆయనయే. మారినది మనుష్యుల చేతిపని.

2024లోని సంగతియు ఆలోచింపదగినది. సెప్టెంబరు ఆరంభమున ప్రకాశము బారేజికడ 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద పారెను. బారేజి నిలిచెను. ఊరిని ముంచినది ప్రధానముగా ఆ మహానది కాదు, కొల్లేటికి పోవు చిన్న బుడమేరు. దాని కట్టకు గండ్లు పడి, అజిత్‌సింగ్ నగరము మొదలగు పేటలు నీటిలో మునిగెను. పిమ్మట సైనికులు సైతము వచ్చి ఆ గండ్లను పూడ్చుటకు తోడ్పడిరి. వరదకు ముందే కట్టను చూచుకొనవలసినది ఎవరు, నీరు పోవు త్రోవలో ఇండ్లు కట్టినది ఎవరు, కట్టనిచ్చినది ఎవరు అని విచారించుట ఈ పత్రిక పని కాదు. కాని "దేవుడేల ఆపలేదు" అను ప్రశ్నలో సగము, "మనమేల ఆపలేదు" అను ప్రశ్న కావచ్చునని మాత్రము చెప్పక తప్పదు. చీమను గూర్చిన సామెతను అడ్డుపెట్టుకొని ఈ సగమునుండి తప్పించుకొనుట భక్తి కాదు, సోమరితనము. దేవుడు తన చేతిని వెనుకకు తీసికొన్న చోట మన చేతికి చోటిచ్చెను. ఆ చోటును ఖాళీగా ఉంచి, పిమ్మట ఆయనపై నేరము మోపుట న్యాయము కాదు.

ఇక పెన్సిలుతో వ్రాసిన బిడ్డా, నీ ప్రశ్నకు మాకు తోచినది చెప్పెదము. దేవుడు వినెనని మేము నమ్ముచున్నాము. నీ నాయనమ్మ ప్రార్థించిన రాత్రులలోనే, ఎవరెవరో ఎరుగని మనుష్యులు రొమ్ములోతు నీటిలో దిగి, పడవలపై పాలును, మంచినీళ్లును, అన్నపు పొట్లములును మోసికొని పోయిరి. వారిని త్రోసినది ఎవరో మేము వేరుగా చెప్పనక్కరలేదు. పక్కింటి తాతగారియొద్దకు ఎవరును సకాలమున పోలేకపోయిరి. అది ఆయన పాపము కాదు. దేవుడు కోరిన చావు అనియు మేము అనము. నీకు కోపము వచ్చినచో ప్రార్థనలోనే ఆ కోపమును చెప్పుము. కీర్తనల గ్రంథమున అట్టి మొర లనేకము లున్నవి. వానిని వ్రాసినవారిని దేవుడు వెళ్లగొట్టలేదు.

చదువరులకు ఒక్క మనవి చేసి ముగింతుము. మా స్కౌటు బాలురు ఈ వేసవి సెలవులకు ముందే, తమ తమ వీధులలో ఒంటరిగా నున్న వృద్ధుల పేర్లను, నడువలేనివారి పేర్లను, మేడలేని యిండ్లను ఒక పుస్తకమున వ్రాసి, నీరు వచ్చునాడు ఎవరు ఎవరి తలుపు తట్టవలెనో ఏర్పాటు చేసికొనవలెనని మేము కోరుచున్నాము. తల్లిదండ్రులు ఇందుకు సాయపడవలెను. ఈత నేర్పగలవారు నేర్పవలెను. వచ్చు వానకాలమున బుడమేరు ఏమి చేయునో మేమెరుగము; దేవుడు ఎరుగును. తలుపు తట్టు పని మాత్రము ఆయన మనకు విడిచియున్నాడు.

ఆ రెండవ కాగితమును మేము చింపివేయలేదు. ప్రశ్నల పెట్టెలోనే మరల ఉంచితిమి. మాకంటె బాగుగా సమాధానము చెప్పగలవారు ఈ పాఠశాలలో ఎప్పుడైనను పుట్టవచ్చును.